న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్

నాందేడ్‌కు పొరుగున ఉన్న వసమత్ తాలూకాలోని పూర్జల్ గ్రామంలో 1867లో కేశవరావు కోరట్కర్ జన్మించారు. ఆనాడు ఆ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. ఆయన న్యాయశాస్త్రం చదివి, గుల్బర్గాలోనూ హైదరాబాదులోనూ వకీలుగా పేరు తెచ్చుకున్నారు. తరువాత హైదరాబాదు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఆ రోజుల్లో కోర్టుల్లోనూ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ ఉర్దూకే ప్రాధాన్యం. హైదరాబాదులో స్థిరపడిన మరాఠీ కుటుంబాల పిల్లలకు మాతృభాషలో చదువుకొనే వీలు తక్కువ. ఈ కొరత తీర్చడానికి కేశవరావు, వామన్ నాయక్ మొదలైన మిత్రులతో కలిసి వివేకవర్ధని పాఠశాలను నెలకొల్పారు. న్యాయపీఠం మీద తీర్పులు చెప్పిన ఆయన, సొంతగడ్డకు దూరంగా పెరిగే పిల్లలకు తల్లిభాషలో చదువు దక్కడమూ న్యాయమేనని చేతలతో చాటారు.

కేశవరావు 1932లో కన్నుమూశారు. 1940లో హైదరాబాదులోని నారాయణగూడలో ఆయన పేరిట కేశవ స్మారక పాఠశాల వెలసింది.