సింధు నదిలో పోయిన పుస్తకాలు

చైనాలోని షియాన్‌కి అందరిలాగే నేనూ మట్టి సైనికుల్ని చూడ్డానికే వెళ్ళాను. కానీ మనసు ఏడంతస్తుల గూస్ పగోడా దగ్గరే ఆగిపోయింది. స్కూల్లో చదివామే, హుయాన్‌త్సాంగ్, ఆయన మన దేశం నుంచి తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టించింది అది.

చక్రవర్తి అనుమతి లేకుండానే బయల్దేరారాయన. నలందాలో శీలభద్రుడి దగ్గర చదివారు. మన ధాన్యకటకంలోనూ (అమరావతి పక్కనే) కొన్ని నెలలున్నారు. తిరుగు ప్రయాణంలో సింధు నది దాటేటప్పుడు తను ఏనుగు మీద, గ్రంథాలు పడవలో. అలలకి పడవ ఊగి, యాభై దాకా నీళ్ళపాలు! అక్కడే ఆగి, మనుషుల్ని పంపి కొన్ని మళ్ళీ రాయించుకున్నారు.

645లో 657 గ్రంథాలతో ఇల్లు చేరితే చక్రవర్తి పదవి ఇస్తానన్నాడు. వద్దని, అనువాదానికి కూర్చున్నారు. ఏళ్ళ తర్వాత నలందాకి ఉత్తరం రాస్తూ, నదిలో పోయిన పుస్తకాల జాబితా కూడా పెట్టారు, వీలైతే పంపమని.