చిలికా సరస్సుకు చిట్టా రాసిపెట్టిన నెల్సన్ అన్నన్‌డేల్

ఒడిశాలోని చిలికా సరస్సు 1993లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. మహానది పాయలు తెచ్చిన ఒండ్రుతో సరస్సు మేట వేసింది. సముద్రంతో కలిపే దారి, మన మత్స్యకారుల మాటలో మొగ, పూడుకుపోతూ వచ్చింది. నీటిలో ఉప్పదనం తగ్గి కలుపు మొక్కలు అల్లుకున్నాయి, చేపలు తగ్గాయి. మరి అంతకుముందు ఆ సరస్సు ఎలా ఉండేది? ఈ ప్రశ్నకు జవాబు కోసం ముందుగా తెరవాల్సిన సంపుటాలు అప్పటికే దాదాపు 80 ఏళ్ల నాటివి. వాటి వెనకున్న మనిషి నెల్సన్ అన్నన్‌డేల్.

ఆయన 1876లో ఎడిన్‌బరోలో పుట్టారు. తండ్రి పేరున్న సర్జన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మలయా ద్వీపకల్పంలో తిరిగి జంతువులను, మనుషులను అధ్యయనం చేశారు. 1904లో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగానికి వచ్చి, మూడేళ్లకే దాని సూపరింటెండెంట్ అయ్యారు. అక్కడి పరిశోధనలు అచ్చు కావడానికి రెండు పత్రికలు మొదలుపెట్టారు.

సీసాల్లో భద్రపరిచిన నమూనాలకు పేర్లు పెట్టడమే జంతుశాస్త్రంలో పెద్ద పనిగా ఉన్న రోజులవి. అన్నన్‌డేల్‌కు అది చాల్లేదు. ప్రాణి ఏ నీటిలో, ఏ కాలంలో, దేన్ని తట్టుకుని బతుకుతోందో తెలియాలన్నది ఆయన పట్టుదల. అందుకు చిలికాను మించిన చోటు లేదు. వానాకాలంలో నదుల వరద వచ్చి నీరు దాదాపు మంచినీరవుతుంది. ఎండాకాలంలో సముద్రపు పోటుతో ఉప్పెక్కుతుంది. ఏటా రెండుసార్లు ఇలా ఇల్లు మారినట్టుండే చోట ఎవరు నిలుస్తారు, ఎవరు వచ్చిపోతారు?

1914 ప్రాంతంలో ఆయన, సహచరుడు స్టాన్లీ కెంప్ వేర్వేరు రుతువుల్లో సరస్సంతా తిరిగారు. అప్పట్లో చిలికా దక్షిణ కొస మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. వాళ్లు నీటి ఉప్పదనం చూశారు. స్పాంజ్‌లు, నత్తలు, రొయ్యలు, చేపలు సేకరించి నిపుణులకు పంపారు. ఎప్పుడూ ఉండేవి ఏవో, రుతువును బట్టి వచ్చేవి ఏవో విడదీశారు. ఆ ఫలితాలు 1915 నుంచి ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉన్నాయి. ఇప్పుడు పర్యాటకులు పడవలెక్కి వెతికే ఇరావతి డాల్ఫిన్ కూడా ఆ చిట్టాలో ఉంది. సరస్సులోని బర్కుడా దీవిలో దొరికిన కాళ్లులేని నలికండ్లపాముకు 1917లో ఆయన దీవి పేరే పెట్టారు. దాని దగ్గరి చుట్టం ఒకటి మన విశాఖపట్నంలో ఉంది.

చిలికాతో ఆయన ఆగలేదు. జపాన్‌లోని బివా, సియాంలోని తలే సాప్, బర్మాలోని ఇన్లే సరస్సులకూ వెళ్లి పోల్చి చూశారు. 1916లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు తొలి డైరెక్టర్ ఆయనే. బైనీ ప్రసాద్, సుందర్‌లాల్ హోరా వంటి భారతీయులు ఆయన దగ్గరే పనిచేసి, తర్వాత అదే సంస్థకు అధిపతులయ్యారు.

ఆయన పనికి మరో పార్శ్వమూ ఉంది. మనుషుల శరీరాలను కొలిచి జాతులుగా విడగొట్టే నాటి వలస పాలకుల శాస్త్రంలో ఆయనకూ భాగముంది. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలను అలాగే సేకరించారు. 1920లో వాటిని విశ్లేషించమని యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడు పి.సి. మహలనోబిస్‌కు ఇచ్చారు. భారత గణాంకశాస్త్రానికి దిశ చూపిన ఆయన పరిశోధన అక్కడే మొదలైంది.

1924 జనవరిలో బెంగళూరులో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు అన్నన్‌డేల్ అధ్యక్షత వహించారు. అదే ఏడాది ఏప్రిల్ 10న కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు.

2000 సెప్టెంబరులో చిలికాకు కొత్త మొగ తవ్వారు. ఉప్పదనం, చేపలు తిరిగొచ్చాయి. 2002లో సరస్సు ప్రమాద జాబితా నుంచి బయటపడింది. అయితే ఏది తిరిగొచ్చిందో, ఏది రాలేదో చెప్పాలంటే పాత లెక్క చేతిలో ఉండాలి. చిలికాకు ఆ లెక్క ఉంది. చేపల చెరువులుగా మారిన కొల్లేరు, మొగలు పూడుతున్న పులికాట్ ముందు నిలబడినప్పుడు మనల్ని మనం అడగాల్సిందీ అదే. ఈరోజు ఇక్కడ ఏమేం బతుకుతున్నాయో, రుతువు రుతువుకూ వెళ్లి రాసిపెడుతున్నామా?