రాజా దీన్ దయాళ్ గారు: గాజుపలక మీది పూత

చిత్రపటము లేని యిల్లు మన ఖమ్మము, భద్రాచలము ప్రాంతములలో నేడు అరుదు. పెండ్లి పటములు, గతించిన పెద్దల పటములు, తరగతుల వారీగా తీయించిన పాఠశాల పటములు గోడలపై వ్రేలాడుచుండును. చూచువారు అందలి ముఖమునే చూతురు గాని, ఆ ముఖమును నిలిపిన పూతను తలంపరు. కాగితముకంటె పలుచనైన ఆ పూత లేనిచో ముఖమును లేదు, జ్ఞాపకమును లేదు. ఆ పూత గుణదోషములను ఓర్పుతో నేర్చి, ముప్పదియేండ్లు దానితో పనిచేసి, నిజాము రాజ్యపు రూపురేఖలను మనకు మిగిల్చిపోయిన రాజా దీన్ దయాళ్ గారి చరిత్రను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి.

దీన్ దయాళ్ గారు 1844వ సంవత్సరమున ఉత్తర హిందూస్థానమున మీరట్ నగరమునకు చేరువనున్న సర్ధనా గ్రామమందు జన్మించిరి. వారిది నగల వర్తకము చేయు జైన కుటుంబము. ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు పట్టణమున మరామతు శాఖయందు అంచనాలు వేయుటకును, నక్షాలు గీయుటకును ఉద్యోగిగా నియమింపబడిరి. కొలతలయందు నిక్కచ్చితనము, గీతయందు శుభ్రత ఆయనకు ఆ విద్యవలననే అలవడినవి. తరువాతి కాలమున ఆయన తీసిన కోటల, దేవాలయముల పటములలో గోడలు నిలువుగను, స్తంభములు వరుసగను నిలిచియుండుటకు కారణము ఈ పూర్వాభ్యాసమే యని మా నమ్మకము.

ఆయన ఛాయాగ్రహణమును చేపట్టినది 1874లో. ఇందూరు మహారాజగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించిరి. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు. నేటి బాలురకు పటము తీయుట వ్రేలితో నొక్కుటయే. ఆనాడట్లు గాదు. అప్పుడు వాడుకలోనున్నది తడిపలక పద్ధతి. ప్రత్తిని నత్రికామ్ల గంధకామ్లములలో నానబెట్టి, కడిగి యారబెట్టి, ఈథరు ఆల్కహాలుల మిశ్రమమున కరగించినచో జిగురువంటి ద్రవమొకటి యేర్పడును. దానికి కొలోడియన్ అని పేరు. అందు అయొడైడు లవణమును కలిపి, శుభ్రముగా తుడిచిన గాజుపలకపై పోసి, నాలుగు మూలలకును పారునట్లు పలకను వంచి, మిగిలిన ద్రవమును తిరిగి సీసాలోనికి జార్చవలెను. పిదప చీకటిలో ఆ పలకను వెండి నైట్రేటు నీటియందు ముంచవలెను. అప్పుడు పూత వెలుగును గుర్తింపగల శక్తిని పొందును.

ఆ శక్తి పూత తడిగా నున్నంతవరకే. ఈథరు త్వరగా ఆవిరియగును. కొద్ది నిమిషములలోనే పలకను పెట్టెలో నమర్చి, పటము తీసి, మరల చీకటిలోనికి గొనిపోయి, అన్నభేది ద్రావకముతో రూపమును రప్పించి, హైపో ద్రావకముతో నిలుపవలెను. ఆలస్యమైనచో పూత యెండిపోయి శ్రమయంతయు వ్యర్థమగును. కావున బయలు ప్రదేశములకు పోవు ఛాయాగ్రాహకుడు తనతో చీకటి గుడారమును, సీసాలను, గాజుపలకలను, నీటిని మోయించుకొని పోవలసియుండెను. మధ్య హిందూస్థానపు ఎండలో ఈ పని యెంత కష్టమో పాఠకులే యూహింపగలరు. శీతల దేశములవారికి దొరకినంత వ్యవధి మన దేశమున దొరకదు.

ఈ కొలోడియన్ పద్ధతిని 1851లో లోకమునకు తెలిపినవాడు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు అను ఆంగ్లేయ శిల్పి. అంతకు పదియేండ్లకు పూర్వము టాల్బటు అను పండితుడు తన కాగితపు పద్ధతికి పేటెంటు పొంది, దానిని వాడువారినుండి రుసుము గైకొనుచుండెను. ఆర్చరు అట్లు చేయక, తన పద్ధతిని పేటెంటు లేకుండగనే పత్రికలో ప్రకటించెను. టాల్బటు కొలోడియన్ కూడ తన హక్కు క్రిందికే వచ్చునని వాదించి న్యాయస్థానమునకు పోగా, 1854లో తీర్పు ఆయన కనుకూలముగా రాలేదు. నాటినుండి ఆ పద్ధతి అందరి సొత్తయ్యెను. ఆర్చరు మాత్రము 1857లో బీదవాడుగనే మరణించెను. ఇందూరిలోని ఒక నక్షాల ఉద్యోగి ఆ విద్యను నేర్చి వృద్ధిలోనికి వచ్చునని ఆయన కలగనియుండడు గదా!

దీన్ దయాళ్ గారి పేరు త్వరలోనే పైకి వచ్చెను. 1875-76 సంవత్సరములలో వేల్సు రాకుమారుడు హిందూదేశమును దర్శింప వచ్చినపుడు ఆయన పటములు తీసిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ దొరతో బుందేలుఖండము తిరిగి, అచ్చటి కోటలను, దేవాలయములను, రాజభవనములను పటములుగా తీసిరి. అవి 1886లో లండనునుండి మధ్య హిందూస్థానపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథముగా వెలువడినవి.

ఆ గ్రంథములోని పటములు ఆటోటైపు విధానమున అచ్చువేయబడినవి. ఈ విధానమునకు ఆధారము మరియొక పూత. బైక్రోమేటు కలిపిన జెలటిన్ వెలుగు సోకిన చోట గట్టిపడును. సోకని చోట మెత్తగనే యుండును. ఆ భేదము ననుసరించి రంగు నిలుచును. ఇందు వెండి లేదు గనుక పటము వెలిసిపోదు. ఈ జాతి పద్ధతులలో నొకదానికి ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ 1864లో పేటెంటు పొందెను. ఆ హక్కును కొనిన సంస్థయే ఆటోటైపు కంపెనీగా పేరుపొందెను. హక్కును విడిచి యిచ్చినవారివలన విద్య వ్యాపించెను. హక్కును కాపాడుకొనినవారివలన కర్మాగారములు నిలిచెను. దీన్ దయాళ్ గారి పనికి ఈ రెండును తోడ్పడెను.

ఇంతలో మరియొక మార్పు వచ్చెను. రిచర్డు లీచ్ మాడక్సు అను ఆంగ్లేయ వైద్యునకు ఈథరు ఆవిరి పడక ఆరోగ్యము చెడెను. ఆయన కొలోడియనుకు బదులుగా ఎముకలనుండియు తోళ్లనుండియు తీయు జెలటిన్ అను పదార్థమున వెండి బ్రోమైడును కలిపి చూచి, ఆ ఫలితమును 1871లో పత్రికలో ప్రకటించెను. ఆయనయు పేటెంటు కోరలేదు. తరువాత పలువురు దానిని బాగుచేయగా, 1878 మొదలుకొని పొడిపలకలు విరివిగా దొరకసాగెను. 1879లో ఈస్ట్‌మన్ పలకలకు పూత పూయు యంత్రమునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. పొడిపలకను ముందుగనే తయారుచేసి పెట్టెలో దాచుకొనవచ్చును. పటము తీసి, ఇంటికి వచ్చి, తీరికగా రూపమును రప్పింపవచ్చును. వెలుగును త్వరగా గ్రహించును గనుక కదలుచున్న గుఱ్ఱములను, కవాతు చేయు సైన్యములను గూడ పట్టగలదు.

ఈ సమయముననే దీన్ దయాళ్ గారు తన జీవితమున పెద్ద నిర్ణయము చేసిరి. నెలజీతము వచ్చు ప్రభుత్వోద్యోగమును విడిచి, పగిలిపోవు గాజుపలకలను నమ్ముకొనిరి. కుటుంబము గలవానికి ఇది తేలిక పని గాదు. 1885లో రాజప్రతినిధికి ఛాయాగ్రాహకుడుగా నియమింపబడిరి. ఆ ప్రాంతముననే హైదరాబాదునకు వచ్చి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి ఆదరణమును పొంది, సికింద్రాబాదున తన కుమారుల పేరు గూడ చేర్చి సంస్థను స్థాపించిరి. నిజాముగారు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదము నిచ్చిరి. విక్టోరియా రాణియు ఆయనను తన ఛాయాగ్రాహకునిగా గౌరవించెను. 1893లో చికాగో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమునకు ఆయన పటములు వెళ్లినవి. 1896లో బొంబాయిలో గూడ ఒక చిత్రశాలను తెరచిరి.

గాజుపలకపై నలుపు తెలుపుగను, తెలుపు నలుపుగను తోచును. దానినుండి కాగితముపై సరియైన రూపమును తీయవలెను. అందుకు ఆ కాలమున ఎక్కువగా వాడినది గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితము. తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితమునకు పూసి, వెండి నైట్రేటు నీటిపై తేలవేసి, ఆరబెట్టి, పలకక్రింద నుంచి ఎండలో పెట్టినచో రూపము దానంతట వచ్చును. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున ఒక్క కర్మాగారమే దినమునకు 60,000 గ్రుడ్లు వాడెనని చెప్పుదురు. నవాబుల గంభీరమైన ముఖములు నిలిచినది కోడిగ్రుడ్డు సొనపైన!

1892లో దీన్ దయాళ్ గారు హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను తెరచిరి. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పని చేయువారందరును స్త్రీలే. దానిని నడుపు భారము మిసెస్ కెన్నీ లెవిక్ అను ఆంగ్లేయ వనితకు అప్పగింపబడెను. పరపురుషుని యెదుట కూర్చుండజాలని స్త్రీలకు తమ రూపమును తమ బిడ్డలకు మిగుల్చుకొను భాగ్యము దీనివలన కలిగెను.

మన ప్రాంతమునకు చేరువనే జరిగిన యొక సంగతిని చెప్పకుండ ఉండజాలము. ఖమ్మమునుండి రైలుబండి యెక్కి డోర్నకలు, మహబూబాబాదు, కేసముద్రము దాటినచో నెక్కొండ వచ్చును. ఆ రోజులలో భద్రాచలము మద్రాసు రాజధానిలోను, ఖమ్మము, నెక్కొండ నిజాము రాజ్యములోను ఉండెను. నెక్కొండకు చేరువనున్న అడవులు పులులకు పేరుపొందినవి. 1902 ఏప్రిల్ మాసమున రాజప్రతినిధి కర్జను ప్రభువు సతీసమేతముగా అచ్చట వేటకు విడిసెను. చంపబడిన పులితో వారిరువురు నున్న పటమును దీన్ దయాళ్ గారి సంస్థ తీసెను. అది నేటికిని లోకమున ప్రసిద్ధము.

ఆ పటమును చూచువారు ప్రభువును, పులిని చూచెదరు. మా విద్యార్థులు ఏప్రిల్ మాసపు ఎండను గూడ చూడవలెనని మా కోరిక. జెలటిన్ చలువ నీటిలో గట్టిగా నుండును; నీరు వెచ్చబడిన కొలది ఉబ్బి, అంచులు ముడుతలు పడి, తుదకు గాజునుండి ఊడిపోవును. ఉష్ణదేశపు ఛాయాగ్రాహకులు పలకలను పటిక నీటిలో ముంచి పూతను గట్టిపరచుచు, రాత్రి చల్లని వేళలలో పని చేయుచుండిరి. వేటగాని గురి తప్పినచో మరియొక గుండు కలదు; పూత ఊడినచో ఆ క్షణము మరల రాదు.

రాజుల వైభవమునే గాక ప్రజల కష్టమును గూడ ఆ గాజు చూచెను. నిజాము రాజ్యమున కరవు వచ్చినపుడు ఔరంగాబాదు ప్రాంతమున జరిగిన సహాయ కార్యములను దీన్ దయాళ్ గారి సంస్థ పటములుగా తీసెను. అదే పెట్టె, అదే పూత. నవాబు కిరీటముపై పడిన వెలుగెట్టిదో, ఆకలిగొన్నవాని ప్రక్కటెముకలపై పడిన వెలుగును అట్టిదే. పూత పక్షపాతమెరుగదు.

1904లో కుమారుడగు ధరమ్ చంద్ మరణించెను. మరుసటి యేడు, 1905 జూలై మాసమున, దీన్ దయాళ్ గారును లోకమును విడిచిరి. 1911లో మహబూబ్ అలీఖాన్ గారును గతించిరి. మరియొక కుమారుడు జ్ఞాన్ చంద్ సంస్థను కొంతకాలము నడిపెను గాని, పూర్వపు వైభవము తగ్గిపోయెను. బరువైన గాజుపలకల పెట్టెలు మాత్రము కుటుంబమువద్ద నిలిచినవి. గాజు పగులును, తేమ తగిలినచో పూత బూజుపట్టును. అయినను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 పలకలను కొని భద్రపరచెను. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేర తపాలాబిళ్లను వెలువరించెను. వారసులు ఆ పలకలను గాజు ధరకు అమ్మివేసియున్నచో, ఆనాటి హైదరాబాదును మనము నేడు ఇంత స్పష్టముగా చూడగలిగి యుండము.

ఈ చరిత్రవలన మా బాలబాలికలు గ్రహింపవలసినది రెండు సంగతులు. మొదటిది: గొప్పవాని పేరు వెనుక పేరు వినబడని పనివారు పలువురుందురు. ఆర్చరు, మాడక్సు తాము కనుగొనినదానిని దాచుకొనక యిచ్చిరి. దీన్ దయాళ్ గారు ఆ యీవిని ఊరక పుచ్చుకొనక, చేతులు నల్లబడునట్లు శ్రమించి దానికి విలువ కట్టిరి. ఇచ్చువాని ధర్మము ఇచ్చుటయైనచో, పుచ్చుకొనువాని ధర్మము నేర్చుటయే.

రెండవది మన యిండ్లకు సంబంధించినది. నేడు పటములు సెల్‌ఫోనులలో నుండుటచేత పాతకాలపు కాగితపు పటములను అటకలపై పడవేయుచున్నారు. వానిని వానకాలపు తేమ తగులు గోడకు తగిలింపరాదు, అద్దమునకు అంటుకొనియున్నచో లాగరాదు, పూతమీద వ్రేళ్లు పెట్టరాదు, తడిగుడ్డతో తుడువరాదు. అవ్వతాతలు సజీవులై యున్నప్పుడే పటములలోనివారి పేర్లను, సంవత్సరమును అడిగి తెలిసికొని, వెనుకభాగమున పెన్సిలుతో మెల్లగా వ్రాసి, పొడి పెట్టెలో నుంచవలెను. ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింటి పటములకు ఈ పని చేయవలెనని మేము కోరుచున్నాము.