గుండెకు నడక నేర్పిన డాక్టరు

పదవీ విరమణ రోజున శాలువా కప్పి, పూలదండ వేసి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండని అందరూ దీవించి పంపుతారు. ఆ దీవెనను మనలో కొందరు అక్షరాలా పాటించి పడకకుర్చీకి అంటుకుపోతారు. పొరపాటున గుండెపోటు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ భయపడి, మనిషిని కాలు కింద పెట్టనివ్వరు. ఈ భయం పోగొట్టడానికి ఎంతో పాటుపడిన వైద్యుడు డాక్టర్ పాల్ డడ్లీ వైట్. పెన్షనర్లమైన మనం తెలుసుకోదగిన జీవితం ఆయనది.

వైట్ 1886 జూన్ 6న అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన రాక్స్‌బరీలో జన్మించారు. తండ్రి కూడా వైద్యుడే. సోదరి ఒకరు కీళ్లవాత జ్వరం వల్ల వచ్చే గుండెజబ్బుతో చిన్నతనంలోనే చనిపోయింది. ఆ దుఃఖం ఆయన మనసులో నిలిచిపోయింది. 1911లో హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో చేరారు. తరువాత లండన్ వెళ్లి సర్ థామస్ లూయిస్ దగ్గర గుండె పరీక్షలలో శిక్షణ పొందారు. ఇప్పుడు మనం ఇ.సి.జి. అంటున్న యంత్రాన్ని 1914లో తన ఆసుపత్రికి తెచ్చారు. అప్పటికి అది చాలామంది డాక్టర్లు చూసి ఎరుగని వస్తువు.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆయన ఫ్రాన్స్‌లో సైనికులకు వైద్యసేవ చేశారు. 1924లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్థాపకులలో ఒకరయ్యారు. 1931లో గుండెజబ్బుల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ఎన్నో ఏళ్లు వైద్య విద్యార్థులకు పాఠ్యపుస్తకంగా నిలిచింది.

ఆ రోజుల్లో గుండెపోటు వచ్చిన రోగిని వారాల తరబడి మంచం మీదే కదలకుండా ఉంచేవారు. దెబ్బతిన్న గుండె కండరం మానడానికి వారాలు పడుతుందని 1939లో ఒక పరిశోధన ప్రచురితమయింది. దానిని రాసిన ముగ్గురిలో వైట్ ఒకరు. దీర్ఘకాలం పడకమీద ఉంచడానికి వైద్యులు దానినే ఆధారంగా చూపేవారు. అయితే వైట్ అక్కడే ఆగిపోలేదు. కోలుకున్న మనిషిని జీవితాంతం రోగిగా కూర్చోబెట్టడం మేలు కాదని, అతన్ని మెల్లగా నడిపించి పనిలోకి పంపాలని గట్టిగా చెప్పారు. పెద్ద పేరు తెచ్చుకున్న తరువాత కూడా కొత్త సంగతి నేర్చుకోవడం గొప్ప గుణం.

ఆ నమ్మకానికి 1955లో పెద్ద పరీక్ష వచ్చింది. సెప్టెంబరు 24న డెన్వర్‌లో సెలవులో ఉన్న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 64. ఆ తరువాతి సోమవారం అమెరికా షేర్ల మార్కెట్ కుప్పకూలింది. బోస్టన్ నుంచి వైట్‌ను విమానంలో పిలిపించారు. ఆయన విలేఖరుల ముందు ఏదీ దాచలేదు. గుండెపోటు అంటే ఏమిటో, ఎలా మానుతుందో పాఠం చెప్పినట్టు చెప్పారు. చివరికి అధ్యక్షులవారి మలవిసర్జన సంగతి కూడా చెప్పేసరికి కొందరు నోరెళ్లబెట్టారు. కాని ఆ వివరాలతో జనానికి ధైర్యం కలిగింది. రోగి నవంబరు 11న ఆసుపత్రి విడిచి వెళ్లారు. మరుసటి ఫిబ్రవరికి గోల్ఫ్ ఆడారు, 1956 ఎన్నికలలో మళ్లీ గెలిచి 1961 జనవరి దాకా పదవిలో ఉన్నారు. ఆ తరువాత కూడా ఆయనకు గుండెపోట్లు వచ్చాయి. 1969లో కన్నుమూశారు. వ్యాయామం చావును రద్దు చేయదు. కాని మొదటి గుండెపోటుకీ చివరి శ్వాసకీ మధ్య 13 ఏళ్ల నిండు జీవితం ఆయనకు దక్కింది.

జబ్బు వచ్చాక వైద్యం కన్నా రాకుండా చూసుకోవడమే ముఖ్యమని వైట్ అభిప్రాయం. 1948లో ఏర్పడిన అమెరికా జాతీయ హృదయ సంస్థకు ఆయన ప్రధాన సలహాదారు. ఆ ఏడాదే బోస్టన్ దగ్గర ఫ్రామింగ్‌హామ్ ఊరిలో 5,209 మందితో అధ్యయనం మొదలయింది. అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగడం, కదలకుండా కూర్చోవడం గుండెకు చేటని లోకానికి గట్టిగా తెలిసింది ఇలాంటి అధ్యయనాల వల్లనే. 1953లో లండన్ నుంచి మరో సంగతి వెలువడింది. మేడబస్సులలో రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా, మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

వైట్ చెప్పడంతో సరిపెట్టుకోలేదు. తాను నడిచారు, మెట్లెక్కారు, ముసలితనంలో కూడా సైకిల్ తొక్కారు. బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున ఉన్న సైకిల్ బాటకు ఆయన పేరే పెట్టారు. మన దేశంతో కూడా ఆయనకు అనుబంధం ఉంది. భారతదేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు డాక్టర్ ఎస్. పద్మావతి 1952లో హార్వర్డ్‌లో ఆయన దగ్గర శిక్షణ పొందారు. గురువుగారి బాటలోనే వ్యాయామం విడవని ఆమె 2020లో 103వ ఏట మరణించారు. వైట్ 1973 అక్టోబరు 31న, 87వ ఏట కన్నుమూశారు.

ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది చిన్న విషయమే. వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు కాస్త వేగంగా నడిస్తే చాలు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, అదే సరైన వేగం. పొగ, చుట్ట పూర్తిగా మానాలి. ఊరగాయ, అప్పడం, నూనె వేపుళ్లు తగ్గించాలి. బి.పి., షుగరు మాత్రలు సొంతంగా ఆపకూడదు. గుండెజబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు ఎంత నడవాలో డాక్టరుగారినే అడగాలి. నడకలో ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా, ఊపిరి ఆడకపోయినా గ్యాస్ అని సరిపెట్టుకోక వెంటనే 108కి ఫోను చేయాలి.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఇంట్లో పెద్దవారిని ప్రేమతో కుర్చీకి కట్టేయకండి. సాయంత్రం చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తోడు వెళ్లండి. డాక్టర్ వైట్‌కు మనం చేయగల నివాళి అదే.