దోమల లెక్క తేల్చిన రాస్‌

సికింద్రాబాద్‌: మలేరియా గుట్టును దోమ కడుపులో కనిపెట్టిన శాస్త్రవేత్తగా సర్‌ రొనాల్డ్‌ రాస్‌ జంటనగరాల వాసులకు సుపరిచితులు. అంటువ్యాధి ఏ హద్దు దాటితే వ్యాపిస్తుంది, ఎక్కడికి దిగితే ఆగుతుంది అన్న లెక్కకు పునాది వేసిందీ ఆయనేనని తెలిసినవారు కొందరే. టీకా లక్ష్యాల నిర్ణయానికి ఆ గణితమే ఆధారమైంది.

బేగంపేటలో ఆవిష్కరణ

రాస్‌ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. 1881లో ఇండియన్‌ మెడికల్‌ సర్వీసులో చేరారు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, రోగిని కుట్టిన దోమను కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించగా దాని కడుపు గోడపై మలేరియా పరాన్నజీవి కనిపించింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై పరిశోధించి, వ్యాధి దోమకాటుతోనే సోకుతుందని నిరూపించారు. 1902లో నోబెల్‌ బహుమతి అందుకున్నారు.

వైఫల్యం నుంచి గణితానికి

దోమలను తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని రాస్‌ వాదించారు. అయితే లాహోర్‌ సమీపంలోని మియాన్‌మీర్‌ కంటోన్మెంటులో 1902లో ప్రారంభించిన దోమల నిర్మూలన ఫలించలేదు. దోమలన్నింటినీ చంపడం అసాధ్యమని, శ్రమంతా వృథా అని విమర్శలు చెలరేగాయి.

1907-08లో మారిషస్‌ వెళ్లిన రాస్‌ పిల్లల్లో ప్లీహం వాపును పరీక్షించి, ఏ ప్రాంతంలో వ్యాధి ఎంతుందో అంచనా కట్టారు. విమర్శకులకు సమాధానం గణితంలో దొరికింది. ఒక రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువమందికి సోకితే వ్యాధి క్రమేణా అంతరిస్తుంది. కాబట్టి చివరి దోమ వరకు చంపనక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే చాలు. తాను ఊహించిన పరిస్థితుల్లో ఆ హద్దు మనిషికి సుమారు 40 దోమలని ఆయన లెక్కగట్టారు. 1917లో గణితవేత్త హిల్డా హడ్సన్‌తో కలిసి ఈ సిద్ధాంతాన్ని విస్తరించారు.

టీకాలకు దారి

ఈ సూత్రమే తర్వాత టీకాలకూ వర్తించింది. జనాభాలో తగినంత మందికి నిరోధక శక్తి ఉంటే వ్యాధికి దారి మూసుకుపోయి, టీకా వేయించుకోలేని పసికందులకూ రక్షణ లభిస్తుంది. రక్తనమూనాల్లో యాంటీబాడీలను పరీక్షించి ఎందరికి ఆ శక్తి ఉందో తెలుసుకుంటారు. తట్టు సోకిన ఒకరి నుంచి, రక్షణ లేని సమాజంలో 12 నుంచి 18 మందికి అది వ్యాపించగలదు. అందుకే సుమారు 95 శాతం మందికి నిరోధక శక్తి అవసరం. జిల్లా సగటు ఎంత బాగున్నా, ఒక తండాలోనో బస్తీలోనో టీకాలు తగ్గితే అక్కడ తట్టు ప్రబలుతుంది. లోటున్న చోటును గుర్తించి ముందుగా అక్కడ టీకాలు వేయడానికి ఈ కొలతే మార్గం చూపుతుంది.

రాస్‌ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో మలేరియాకు టీకా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తొలి మలేరియా టీకాను ఆఫ్రికా తదితర ప్రాంతాల చిన్నారులకు సిఫార్సు చేసింది. ఆయన పరిశోధన సాగించిన బేగంపేట భవనం ఆ కృషికి సాక్షిగా నిలిచింది.