అంతర్వేది దారిలో వెనుదిరిగిన తల్లి

వసతి కోరి వాకిటికి వచ్చినవారిని కాదనరాదని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి విధిస్తున్నది. ఏటా ఆ పాఠం చెప్పే మావంటివారికన్నా, వేదం వల్లించని ఒక గృహిణి ఆ వ్రతాన్ని బాగా ఎరిగినది. ఆమె డొక్కా సీతమ్మ గారు.

1841లో మండపేటలో అనుపిండి భవానీశంకరం, నరసమ్మ దంపతులకు ఆమె జన్మించారు. కోనసీమలోని లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారిని వివాహమాడి అక్కడే కాపురమున్నారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు ఆ ఊరు మజిలీ. పడవ ఏ వేళకు చేరుతుందో తెలియదు గనుక ఆ ఇంటి పొయ్యికీ వేళ లేదు. కులమేదని అడిగేవారు కారు. సేద్యపు రాబడి ఆ వంటశాలకే సమర్పితమైనది. చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవానికి పిలుపు వచ్చినా కదలలేదని ప్రతీతి. అతిథులకు వడ్డించేదెవరు?

ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. మార్గమధ్యంలో, ఆకలిగొన్న ఒక పెండ్లిబృందం సీతమ్మ గారి ఇంటికే వెళుతున్నదని మాటలు చెవిన పడ్డాయి. వెంటనే వెనుదిరిగి, వారికన్నా ముందే ఇల్లు చేరి వంట చేయించారు. అర్చకుడనైన నాకు ఈ ఘట్టం మొదట మింగుడుపడలేదు. సంకల్పించిన దర్శనం మానవచ్చునా? అతిథిని దైవంగా చూడమన్న శీక్షావల్లిని ఆమె అక్షరాలా నమ్మారు. స్వామి ఆకలితో తన ఇంటికే వస్తున్నాడు. మా అచ్యుతాపురంలో షిఫ్టు దిగి ఆలస్యంగా గుడికి వచ్చిన కార్మికునికి ప్రసాదం అయిపోయిందని చెప్పినప్పుడల్లా ఆ తల్లి నాకు గుర్తుకు వస్తారు.

1909లో ఆమె పరమపదించారు. గన్నవరం వద్ద వైనతేయపై నిర్మించిన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే ఉంచినది.