కీ. శే. డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు

ఈ యేటి మహాసభ దిల్‌సుఖ్‌నగరమున జరుగుచున్నది. సంచికాసంపాదకులు నన్నొక మహనీయుని చరిత్ర వ్రాయుమనిరి. నేను సంస్కృతము బోధించి విశ్రాంతి గొన్నవాడను. రసాయనశాస్త్రము నా పాఠము గాదు. అయినను ఎల్.బి. నగరమున మా యింటి చెంతనున్న మందుల దుకాణములో గర్భిణీస్త్రీలు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కొనుట చూచునపుడెల్ల, ఆ మాత్ర వెనుకనున్న తెలుగువాని పేరు కొనువారికిగాని అమ్మువారికిగాని తెలియదుగదా యని మనసు చివుక్కుమనును.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ ఉన్నతపాఠశాలనుండి ఉత్తీర్ణులైరి. (పిల్లలను చీవాట్లు పెట్టు తండ్రులు ఈ వాక్యమును మరల చదువవలెను.) మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు దుస్తులు ధరించినందున ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియైన ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసివచ్చెను. ఇద్దరు సోదరులు కొద్దిదినముల యెడములో గతించిరి. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆ కుటుంబమును పీడించెను.

పైచదువునకు అమెరికా పోవలెనన్న ధనమేది? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సమకూర్చిరి. కొంత కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకర్‌గారి ధర్మనిధి యిచ్చెను. నాయకర్‌గారు బర్మాలో ఆర్జించిన ధనమును విద్యకై విడిచిన దాత. ఆయన కులము వేఱు, సుబ్బారావుగారి కులము వేఱు. కులసంఘపు సంచికలో ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. కాని విద్యానిధులు నెలకొల్ప దలచిన దాతలు దీనిని గమనింతురుగాక.

బోస్టను చేరి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు హార్వర్డులో చదివిరి. అచ్చట సైరస్ ఫిస్కెతో గలసి 1925లో రక్తమూత్రాదులయందలి భాస్వరమును కొలుచు పద్ధతి ప్రకటించిరి. మాలిబ్డేటు కలిపిన ద్రవము నీలివర్ణమగును. ఆ నీలిమ యెంత గాఢమో భాస్వర మంత. కండరరసమునకు ఈ పరీక్ష చేయగా, నీలిమ వెంటనే పూర్ణముగా రాక మెల్లమెల్లగా హెచ్చుచుండెను. ఇతరుడైనచో పాత్ర సరిగా కడుగలేదని పారబోసియుండును. వీరు ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. ఆమ్లములో క్రమముగా విచ్ఛిన్నమగు పదార్థ మేదియో అందుండవలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము శ్రమించిన తఱుగును, విశ్రమించిన మరల పెరుగును. 1927లో ఇది వెలువడెను. కండరమునందలి లాక్టిక్ ఆమ్లమునుగూర్చి పరిశోధించిన హిల్, మయర్‌హోఫులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఆ మతమును ఈ నీలిరంగు కదలించెను.

1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని, వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున స్వతంత్రముగా కనుగొనెను. జీవకణము ప్రతి పనికిని వెచ్చించు నాణెమిది. మనము తిన్న అన్నము కణములందలి మైటోకాండ్రియాలలో ప్రాణవాయువుతో దహింపబడి అధికభాగము ఈ రూపము దాల్చును. ఒక్క దినమున మన దేహము తన బరువునకు సమీపమైన ఏ.టి.పి.ని చేయుచు ఖర్చుచేయుచు నుండును. దీనిని తయారుచేయు కణయంత్రపు మర్మము తెలిపినందుకు బోయరు, వాకరులకు 1997లో నోబెల్ బహుమాన మొసగిరి.

సుబ్బారావుగారికి హార్వర్డులో స్థిరమైన పదవియే దొరకలేదు. ఆయన సాధించిన కొన్ని ఫలితములను ఫిస్కె వెలుగు చూడనీయలేదని తోటి శాస్త్రజ్ఞుడు హిచింగ్స్ తరువాత చెప్పెను. 1940లో లెడర్లే ప్రయోగశాల చేరిరి. అచ్చట ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తమ యింటిని బాధించిన స్ప్రూవ్యాధికి అది మందుగా పనికివచ్చెను. దానికి విరోధియైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బరు పసిపిల్లల రక్తకేన్సరును తాత్కాలికముగానైన అణచెను. బోదకాలు నివారణకు నేడు ఇంటింట పంచు డి.ఇ.సి. మాత్రయు ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను.

ఇంతటి కీర్తిని భార్య శేషగిరిగారు ఇచ్చటనుండియే వినిరి. భర్త ఓడనెక్కిన పిమ్మట కలిగిన కుమారుడు శైశవముననే గతించెను. తండ్రి వాని ముఖము చూచి యెఱుగడు. తిరిగివత్తునన్న మాట ఉత్తరములలోనే నిలిచెను. 1948 ఆగస్టులో, తమ 53వ యేట, నిద్రలోనే ఆయన ప్రాణము పోయెను. ఆ ప్రాంతముననే కెనెడీ, లెనింజరులు ఏ.టి.పి. పుట్టు చోటు మైటోకాండ్రియాయని నిరూపించుచుండిరి.